గోల్డ్ లోన్ వద్దు టీచరుగారూ, బెర్న్‌కు 18 నెలల్లో వెళ్ళొచ్చు

ఈ వారం ఉత్తరం గుంటూరు జిల్లా నుంచి. రాసినావిడ ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్, 24 ఏళ్ళ సర్వీసు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఐన్‌స్టీన్ ఉన్న ఇంటిని ఒక్కసారైనా చూడాలని ఆమె ఆశ. పెళ్ళై పాతికేళ్ళు అవుతున్న సందర్భంగా భర్తతో కలిసి ఈ వేసవిలోనే వెళ్దామనుకుని ట్రావెల్ ఏజెంటును అడిగితే, 12 రోజుల్లో ఏడు దేశాలు, ఇద్దరికీ కలిపి 6 లక్షల 80 వేలు అన్నారట. చేతిలో ట్రిప్ కోసం దాచినవి 2 లక్షలు, అత్యవసరానికి 3 లక్షల ఎఫ్‌డీ, నెలకు మిగిలేది 20 వేల దాకా. మిగతా డబ్బుకు నగలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకోమంటారా, ఎఫ్‌డీ తియ్యమంటారా అని అడిగారు.

రెండూ వద్దండి. ఆ ప్యాకేజీ కూడా వద్దు. మీరు పంపిన ప్రోగ్రాం షీటు రెండుసార్లు చదివాను, ఏడు దేశాల్లో స్విట్జర్లాండ్‌కు రెండు రోజులిచ్చారు, ఆ రెండు రోజుల్లో బెర్న్ పేరే లేదు. ఏ ఊరి కోసం వెళ్తున్నారో ఆ ఊళ్ళో బస్సు కూడా ఆగని ట్రిప్‌కు మీ పెళ్ళినాటి గొలుసు తాకట్టు పెట్టడమేంటి? 4 లక్షల 80 వేల గోల్డ్ లోన్‌కు 9.5 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 45,600 రూపాయలు. మీ ఇద్దరూ వారం రోజులు స్విస్ రైళ్ళలో తిరగడానికి అయ్యే ఖర్చు దాదాపు అంతే. ఎఫ్‌డీ సంగతంటారా, మీ అమ్మాయి బీటెక్ చివరి ఏడాదిలో ఉందని రాశారు, ఇలాంటప్పుడు ఇంట్లో అత్యవసర డబ్బు ఒక్క రూపాయి కూడా కదపకూడదు.

ఏడు దేశాలు కాదు, ఒకే ఊరు. వారం రోజులు బెర్న్‌లోనే గది తీసుకుని ఉండండి, దగ్గరి ఊళ్ళకు పొద్దున రైలెక్కి సాయంత్రానికి వచ్చేయండి. హోటళ్ళు మారుతూ పోతే డబ్బు తెలియకుండానే కరిగిపోతుంది, ఒక్కచోట ఉంటే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది.

ఆ ఊరు కూడా వారం ఉండదగ్గదే. 1191లో త్సేరింగెన్ వంశపు డ్యూక్ ఐదవ బెర్తోల్ద్ కట్టించాడు, ఆరె నది మూడువైపులా చుట్టి ప్రవహిస్తుంది కాబట్టి నాలుగో వైపు గోడ కడితే చాలు కోట అయిపోయింది. 1405లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి చెక్క ఇళ్ళు చాలా వరకు కాలిపోతే, తర్వాత ఇసుకరాయితో కట్టుకున్నారు, ఇప్పుడు మనం చూసే ఆ ఆకుపచ్చ బూడిదరంగు వీధులు అలా వచ్చినవే. ఇళ్ళ కింద వరండాల్లా సాగే నడవాలు మొత్తం ఆరు కిలోమీటర్లు ఉంటాయి, వాన పడినా తడవకుండా ఊరంతా తిరగొచ్చు. 1983లో యునెస్కో ఈ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంకో సంగతి, డబ్బు సలహాలు చెప్పే మా వృత్తివాళ్ళకు మరీ ఆసక్తి కలిగించేది: శతాబ్దాలుగా కూడబెట్టిన బెర్న్ ఖజానాను 1798లో ఫ్రెంచి సైన్యం బండ్లకెత్తుకుని పట్టుకుపోయింది. ఆ తర్వాత 50 ఏళ్ళకు, 1848లో, స్విస్ ఫెడరల్ ప్రభుత్వం కొలువుదీరడానికి అదే ఊరిని ఎంచుకున్నారు.

ఇక మీ ఐన్‌స్టీన్. క్రామ్‌గాసె వీధిలో 49వ నంబరు, రెండో అంతస్తు. 1903 నుంచి 1905 దాకా భార్య మిలేవాతో, పసిబిడ్డ హాన్స్ ఆల్బర్ట్‌తో అక్కడే కాపురం. 1902లో పేటెంట్ ఆఫీసులో మూడో తరగతి ఉద్యోగిగా చేరినప్పుడు ఆయన జీతం ఏడాదికి 3,500 స్విస్ ఫ్రాంకులు, ఆ జీతం మీద బతుకుతూ, ఆఫీసు పని అయ్యాక రాసుకుంటూ, 1905లో ప్రపంచాన్ని మార్చిన నాలుగు పేపర్లు వెలువరించాడు. మీరు 24 ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్న E=mc² సమీకరణం ఆ ఏడాదిదే కదా. ఆ ఇరుకు మెట్లెక్కి ఆ గదిలో మీరు నిలబడటం గురించి రాస్తుంటే నాకే ఆనందంగా ఉంది.

సరే, లెక్క. ఫ్రాంక్ 110 రూపాయలు అనుకుని వేశాను, మీరు చదివే రోజు రేటు చూసి సరిచేసుకోండి. బస రాత్రికి 150 ఫ్రాంకులు, ఏడు రాత్రులకు 1,050. తిండి ఇద్దరికీ రోజుకు 80, ఎనిమిది రోజులకు 640. రైళ్ళకు 400, టిక్కెట్లకు, చిల్లర ఖర్చులకు 110. మొత్తం 2,200 ఫ్రాంకులు, అంటే 2 లక్షల 42 వేలు. విమానం ఇద్దరికీ లక్షన్నర, వీసా, ఇన్సూరెన్స్ కలిపి 30 వేలు. అక్కడికి 4 లక్షల 22 వేలు, దాని మీద పది శాతం, 42 వేలు, పక్కన పెట్టుకోండి. 4 లక్షల 64 వేలతో ట్రిప్ అయిపోతుంది, ప్యాకేజీ కన్నా 2 లక్షలకు పైగా తక్కువ. మీ దగ్గర 2 లక్షలున్నాయి కాబట్టి మిగిలిన 2 లక్షల 64 వేలకు నెలకు 14,700 చొప్పున 18 నెలలు ఆర్‌డీ కడితే చాలు, మీకు మిగిలే 20 వేలలో ఇంకా 5 వేలు ఇంటికే ఉంటాయి. ఏడాదిన్నరలో వాడుకునే డబ్బు కాబట్టి ఈక్విటీ ఫండ్లలో పెట్టొద్దు, ఎవరు ఎంత చెప్పినా సరే.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి, మీ లక్ష్యం రూపాయల్లో కాదు, ఫ్రాంకుల్లో పెట్టుకోవాలి. ఫ్రాంక్ గట్టి కరెన్సీ. 2015 జనవరిలో స్విస్ నేషనల్ బ్యాంక్, యూరో 1.20 ఫ్రాంకుల కన్నా కిందికి పడకుండా పెట్టుకున్న పరిమితిని ఎత్తేసిన రోజు అది ఒక్కసారిగా ఎగిరింది. రేపు ఫ్రాంక్ 120 అయిందనుకోండి, మీకు అదనంగా పడేది 22 వేలు, పక్కన పెట్టిన 42 వేలు అందుకే. ప్రయాణానికి మూడు నెలల ముందు సగం, చివరి నెలలో సగం ఫారెక్స్ కార్డులోకి, అంటే విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డులోకి, ఫ్రాంకులుగానే ఎక్కించుకోండి. మామూలు క్రెడిట్ కార్డు చాలావాటికి విదేశీ మార్కప్ 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ. అక్కడ షాపులో మిషను "రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా" అని అడిగితే ఫ్రాంకులే నొక్కండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రూపాయలే తేలిక అనుకుని నొక్కి, ఒక్క హోటల్ బిల్లు మీదే దాదాపు 3 వేలు ఎక్కువ కట్టాను, ఆ టెన్షన్ మీకొద్దు.

టీసీఎస్ గురించీ అడిగారు, అంటే కొనేటప్పుడే అమ్మేవాళ్ళు వసూలు చేసి కట్టే ఆదాయపన్ను. విమానం, హోటలు కలిపి ప్యాకేజీగా కొంటే ఏజెంటు టీసీఎస్ వసూలు చేస్తారు. రేటు బడ్జెట్లలో మారుతూ ఉంటుంది. అది పోయే డబ్బు కాదు, మీ ఆదాయపన్ను రికార్డులో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ అన్నాళ్ళూ మీ డబ్బు ఇరుక్కుంటుంది. ప్రయాణానికి విడిగా ఫారెక్స్ కొంటే ఏడాదికి 10 లక్షల లోపు టీసీఎస్ లేదు.

బస విషయంలో నా మాట వినండి. స్టేషన్ ఎదురుగా ష్వైట్సర్‌హోఫ్, పార్లమెంటు పక్కన బెల్‌వ్యూ ప్యాలెస్ చాలా గొప్ప హోటళ్ళే గానీ మన లెక్కలోకి రావు. పార్లమెంటు కింద, నది పక్కన మార్సిలి దగ్గర యూత్ హాస్టల్ ఉంది, పేరు చూసి కుర్రాళ్ళకే అనుకోకండి, ఏ వయసువాళ్ళైనా ఉండొచ్చు, ఇద్దరికి విడి గదులు ఉంటాయి, పొద్దున టిఫిను అద్దెలోనే. వంట చేసుకుంటామంటే కిచెన్ ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ చూడండి, మీగ్రోస్, కోప్ లాంటి సూపర్‌మార్కెట్లలో బియ్యం, కూరగాయలు కొనుక్కోవచ్చు. కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్ళండి, నెయ్యి, పాలపొడి, మాంసం పచ్చళ్ళు మాత్రం వద్దు, కస్టమ్స్‌లో ఆపేస్తారు, పచ్చి కరివేపాకు కూడా. హోటల్లోనో హాస్టల్లోనో రాత్రి బస చేసేవాళ్ళకు బెర్న్ టికెట్ ఇస్తారు, ఊళ్ళో ట్రాములు, బస్సులు, గుర్టెన్ కొండ ఎక్కే రైలు కూడా దాంతో ఉచితం. ఫౌంటెన్లలో నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనకండి. ఎలుగుబంట్ల పార్కు, ఊరంతా కనిపించే గులాబీ తోట రోజెన్‌గార్టెన్, ట్సీట్‌గ్లోగె గడియారం, వీటికి పైసా ఖర్చు లేదు. గడియారం బొమ్మలు గంట కొట్టడానికి కొన్ని నిమిషాల ముందే ఆడటం మొదలుపెడతాయి, కాబట్టి కాస్త ముందే చేరండి. తూన్ కోట, ఫ్రీబూర్ పాత ఊరు రెండూ రైల్లో అరగంటలోపే, ఆ టిక్కెట్లు ముందుగా కొంటే సూపర్‌సేవర్ అనే తగ్గింపు ధరల్లో దొరుకుతాయి.

మీకు వేసవి సెలవులున్న మే నెలే పెట్టుకోండి. పాస్‌పోర్టుల గడువు ఇప్పుడే చూడండి, డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, రావడానికి టైము పడుతుంది కాబట్టి జనవరిలోనే పెట్టండి. స్విట్జర్లాండ్ వెళ్ళడానికి కావలసిన షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, 30 వేల యూరోల కవరేజీతో ఇన్సూరెన్స్ తప్పనిసరి. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా చూస్తారు, అప్పటికి మీ ఖాతాలో నెలనెలా కట్టిన ఆర్‌డీ కనిపిస్తుంది, చివరి వారం ఎక్కడినుంచో వచ్చి పడిన లోన్ డబ్బు కన్నా అది మీకు ఎంతో మేలు. గది మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నది చూసి ఆరు నెలల ముందే తీసుకోండి. ఆర్‌డీ ఈ నెల జీతం పడగానే మొదలుపెట్టేయండి.