ఎక్స్‌రేలు ఒకేలా ఉన్నా నొప్పి నాకే ఎక్కువెందుకు?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, మావారికి 58. ఇద్దరికీ మోకాళ్లు అరిగాయి, అరుగుదల ఇంచుమించు ఒకటేనన్నారు. ఆయన మాత్ర లేకుండానే తిరుగుతున్నారు. నాకు మూడేళ్లుగా నొప్పి, రాత్రిళ్లు నిద్ర లేదు. ఇంట్లోవాళ్లు ‘నీకు ఓర్పు తక్కువ’ అంటున్నారు. నిజమేనా డాక్టరు గారూ?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. మోకాలి నుంచి వచ్చే సంకేతాన్ని మెదడు ఉన్నదున్నట్టు తీసుకోదు. మధ్య మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నాడులు దాన్ని అక్కడే తగ్గించగలవు, పెంచనూగలవు. ఎక్స్‌రేలో కనిపించేది ఎముకే, ఈ నాడుల పనితీరు కాదు.

2002లో మిషిగన్ యూనివర్సిటీవాళ్లు దవడ కండరంలోకి గాఢమైన ఉప్పునీరు ఎక్కిస్తూ, ఆడా మగా అందరికీ నొప్పి ఒకే స్థాయిలో ఉండేలా చూసి, మెదడులో రసాయనాల తీరును చూపే పెట్ స్కాన్ తీశారు. నొప్పిని తగ్గించేందుకు మెదడు సొంతంగా తయారుచేసుకునే నల్లమందులాంటి రసాయనాలు కొన్ని భాగాల్లో మగవాళ్లలోనే ఎక్కువగా విడుదలయ్యాయి. ఆ స్త్రీలు నెలసరి మొదటి రోజుల్లో, అంటే ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ తక్కువగా ఉన్నప్పుడు, పరీక్షకు వచ్చారు. తర్వాతి పరిశోధనలో ఈస్ట్రోజన్ పెంచితే స్త్రీలలోనూ ఈ స్పందన పెరిగింది. అలాగని నొప్పి కోసమే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టకండి.

2015లో ఎలుకల్లో ఇంకో సంగతి తేలింది. వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే రక్షక కణాలను అడ్డుకుంటే మగ ఎలుకలకు నొప్పి తగ్గింది, ఆడవాటికి తగ్గలేదు. అంతవరకూ నొప్పి పరిశోధన చాలావరకు మగ ఎలుకల మీదే సాగింది మరి! ఇవన్నీ సగటు లెక్కలే. మీకంటే ఎక్కువ బాధపడే మగవాళ్లూ ఉంటారు.

ముందు నిద్ర సంగతి చూడండి. నిద్ర చాలకపోతే నొప్పిని అణచే ఈ నాడుల పని మందగిస్తుంది. ఇక వ్యాయామం: కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి 5 సెకన్లు ఆపండి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు రెండు పూటలు. మర్నాటికీ నొప్పి పెరిగే ఉంటే సగానికి తగ్గించండి, పూర్తిగా మానొద్దు. అక్కడే చాలామంది పొరబడతారు.

అయినా తగ్గకపోతే, నొప్పిని అణచే ఈ నాడులకు బలమిచ్చే డులాక్సెటిన్ అనే మందు (దీన్ని డిప్రెషన్‌కూ వాడతారు) గురించి మీ డాక్టరును అడగండి. సాధారణంగా వారం రోజులు 30 మి.గ్రా., తర్వాత 60 ఇస్తారు. మొదట్లో వికారం ఉండొచ్చు, అన్నం తిన్నాక వేసుకుంటే తట్టుకోవచ్చు. బీపీ, కాలేయ జబ్బు, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నా, ట్రమడాల్ అనే నొప్పి మందు వాడుతున్నా ముందే చెప్పాలి. నొప్పి తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు వస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.