"మీరెంతమంది తోబుట్టువులు మామ్మా?" అని అడగొద్దు

టొరంటోకి కొత్తగా వచ్చిన ఒక చెల్లి, బాథర్స్ట్ స్ట్రీట్ వైపు ఒక యూదుల వృద్ధాశ్రమంలో వాలంటీరుగా చేరుతున్నానని, జాగ్రత్తలు చెప్పమని అడిగింది. పోలీస్ చెక్, టీకాల గొడవ వాళ్లే చూసుకుంటారు. నేను చెప్పేది మన అలవాట్ల గురించి.

మెళ్లో స్వస్తిక్ లాకెట్ ఉంటే తీసేసి వెళ్లమ్మా. కొత్త కారుకి పూజ చేయించి బానెట్ మీద కుంకుమతో గుర్తు వేయించి ఉంటే అదీ తుడిచెయ్. మనకది శుభం. నాజీలు అలాంటి గుర్తునే జెండా మీద పెట్టుకుని 60 లక్షల మంది యూదులను చంపారు. రెండూ వేరని వివరించొచ్చు అనుకోకు. అది చూసి ఆ పెద్దావిడ గుండె ఝల్లుమన్నాక మన పురాణం ఎవరికి కావాలి?

పెద్దవాళ్లు కనిపిస్తే మనకు నోరాగదు కదా. ఏ ఊరు, అమ్మానాన్నలు ఏం చేసేవారు, ఎంతమంది పిల్లలు... మొదటి వారమే ఒక హంగేరీ మామ్మగారిని నేనూ అడిగాను, ఎంతమంది తోబుట్టువులని. "ఐదుగురం" అని కిటికీ వైపు తిరిగిపోయింది. ఆ రోజు భోజనం ముట్టలేదట. 1944లో మే నుంచి జులై లోపే హంగేరీ నుంచి నాలుగు లక్షల మందికి పైగా యూదులను రైళ్లలో తరలించారు, ఎక్కువమందిని నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్‌కే. ఆ ఐదుగురిలో మిగిలింది ఈవిడ ఒక్కతే. మతిమరుపు వస్తే నిన్నటిది పోతుంది, ఆనాటిది మాత్రం ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. అందుకే కొందరికి ఆ శిబిరాలు గుర్తొచ్చి షవర్ అన్నా, యూనిఫాం అన్నా, కుక్క అరిచినా, లైన్లో నిలబడమన్నా వణుకు. ఆ ఆకలి రోజుల భయంతో దిండు కింద దాచుకున్న రొట్టెముక్క కనిపిస్తే పారేయకు. నర్సుకి చెప్పు, అంతే.

పులిహోర పట్టుకెళ్లకు. శాకాహారమే కదా అనకు. మన వంటిల్లు కోషర్ కాదు, అంటే వాళ్ల ఆహార నియమాల ప్రకారం నడిచేది కాదు. మీ నాయనమ్మ మడి గుర్తుందిగా, అలాంటిదే అనుకో. శుక్రవారం పొద్దుగూకితే వాళ్ల విశ్రాంతి దినం షబ్బాత్ మొదలైనట్టే, ఇక ఫోన్ బయటికి తీయకు. నిష్ఠగా ఉండే మగవాళ్లు ఆడవాళ్లకు చేయి ఇవ్వరు, నమస్కారం పెట్టు.

మరి ఏం మాట్లాడాలి అంటావా? వాళ్లు చెబితే విను, లేకపోతే ఆట ఆడు. ఆ మామ్మగారూ నేనూ ఇప్పుడు రమ్మీక్యూబ్ ఆడతాం. మన రమ్మీ లాంటిదే, ముక్కల బదులు పలకలు. మన రమ్మీ వస్తే పది నిమిషాల్లో పట్టుబడుతుంది. ఆవిడ దొంగాట ఆడుతుంది, చూసీ చూడనట్టు ఊరుకో.