దసరా సెలవుల హుషారు సంగతి డాక్టరుకు చెప్పారా?

పదిహేడేళ్ల మీ అబ్బాయి రెండు నెలలుగా ఎవరితోనూ మాట్లాడడం లేదని, ఊరికే విసుక్కుంటున్నాడని, డాక్టరు డిప్రెషన్ అని మాత్రలు రాసి పది రోజులైందని ఆదోని నుంచి రాశారు. చివర్లో మీకు మీరే ఊరట చెప్పుకుంటున్నట్టు ఒక మాట చేర్చారు: "దసరా సెలవుల్లో మాత్రం ఎంత హుషారుగా ఉన్నాడో, వారం రోజులు రాత్రిళ్లు కూడా పడుకోకుండా ఇల్లంతా సున్నం వేశాడు." నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మాది అనంతపురం దగ్గర పల్లె. 2018లో నా తమ్ముడికి పంతొమ్మిదేళ్లు. ఆ వేసవిలో ఉన్నట్టుండి రాత్రి రెండింటికే లేచి చేనుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ముగ్గురు స్నేహితుల దగ్గర అప్పు చేసి బోరు బండి వాళ్లకు అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు. మా నాన్న అప్పటికే నాలుగు బోర్లు వేసి ఒక్కదాంట్లోనూ నీళ్లు చూడని మనిషి. మా జిల్లాలో ఐదో బోరు వేస్తానన్నవాడికి జబ్బేమోనని ఎవరికి అనుమానం వస్తుంది? పిల్లవాడికి బాధ్యత తెలిసిందని మురిసిపోయాం.

వానలు మొదలయ్యేసరికి వాడు మంచం దిగడం మానేశాడు. కసాపురం ఆంజనేయస్వామి దగ్గరకు తీసుకెళ్లాం, తాయెత్తు కట్టించాం. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని మేనత్త అన్నది. చివరికి ఒక డాక్టరుకు చూపిస్తే ఐదు నిమిషాల్లో డిప్రెషన్ మాత్రలు రాశారు. ఆయన అడగలేదు, మేమూ బోరు సంగతి చెప్పలేదు. సంతోషంగా తిరిగిన రోజులను జబ్బు ఖాతాలో ఎవరు రాస్తారు? మూడు వారాలకు వాడికి నిద్ర పూర్తిగా పోయింది. ఆపకుండా మాట్లాడుతూ, అడ్డువచ్చిన నాన్నను తోసేశాడు. ఆ రాత్రే కారు మాట్లాడుకుని బెంగళూరులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వెళ్లాం.

అక్కడ దాదాపు మొదటి ప్రశ్నే ఇది: "ఇంతకు ముందు ఎప్పుడైనా తక్కువ నిద్రపోయి కూడా అలసట లేకుండా తిరిగాడా?" అమ్మ అప్పుడు బోరు కథంతా చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగితే, సన్యాసుల్లో కలిసిపోయాడని చెప్పుకునే మా పెదతాత సంగతి కూడా ఆ రోజే బయటికి వచ్చింది. జబ్బు పేరు బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు దిగులు. దిగులుగా ఉన్న రోజుల్లో చూస్తే ఇది మామూలు డిప్రెషన్ లాగే ఉంటుందట. అలాంటివారికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే కొందరిలో అది ఉన్మాదం వైపు, అంటే ఆ మితిమీరిన హుషారు వైపు తోస్తుందట.

మీ అబ్బాయిదీ అదేనని నేను అనడం లేదు. సెలవుల్లో సున్నం వేసిన పిల్లలందరికీ జబ్బు ఉండదు. నిద్ర తగ్గినా నీరసం రాకపోవడం, మాట వేగం పెరగడం, ఖర్చు, గొప్పలు, ఇతరులకు కూడా తేడా కనిపించడం, ఇవన్నీ కలిసి వరసగా కొన్ని రోజులు ఉన్నాయా అన్నది డాక్టరు తేల్చాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టరుకే రేపు ఫోను చేసి ఆ వారం సంగతి చెప్పండి. నిద్ర తగ్గి హుషారు పెరిగితే మాత్రం అదే రోజు వెళ్లండి. ఆయన మానసిక వైద్యుడు కాకపోతే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఇంకొకటి, ఇది వాయిదా వేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని మీ అబ్బాయిని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మేమూ భయపడ్డాం, అది నిజం కాదు. ఇంట్లో పురుగుల మందు ఉంటే ఈ రోజే వేరేచోటికి చేర్చండి. అవునన్నాడంటే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416కు ఏ వేళ ఫోను చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మా తమ్ముడికి లిథియం అనే, మనసును నిలకడగా ఉంచే మందు పడింది. దాంతో కాస్త చాకిరీ ఉంది. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇచ్చి మోతాదు చూపించుకోవాలి, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు అప్పుడప్పుడూ తప్పవు. మా ఎండల్లో ఒళ్లు ఎండిపోతే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది కాబట్టి నీళ్లు తాగుతూ ఉండాలి, ఉప్పు ఉన్నట్టుండి మానకూడదు. ఒళ్లు నొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటివి అడిగి వేసుకోకూడదు, వాటితోనూ పెరుగుతుంది. చేతులు బాగా వణికినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా ఆలస్యం చేయకూడదు. రెండో ఏడు బాగున్నానని వాడే మాత్రలు మానేశాడు. రెండు నెలల్లో మళ్లీ నిమ్హాన్స్‌లో ఉన్నాం.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. గోడకు తగిలించిన క్యాలెండర్‌లో రోజూ ఎన్ని గంటలు పడుకున్నాడో అమ్మ రాసేది, ఇప్పుడు వాడే రాస్తాడు. నిన్నటి గడిలో ఏడున్నర అని ఉంది.