కెమెరాలో రీలు నిలవ ఉంచకు

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. పెంటాక్స్ కే1000 ఫిల్మ్ కెమెరా చేతికొచ్చిందనీ, సంబరంగా రీలు వేశావనీ, నెలలు గడిచినా కౌంటర్ ఇంకా 19 దగ్గరే ఉందనీ రాశావు. "వేస్ట్ చెయ్యబుద్ధి కావట్లేదు మామయ్యా, మంచి సందర్భం కోసం చూస్తున్నా" అన్నావు. ఆ తర్వాత లెన్సుల గురించీ ఫిల్ముల గురించీ బోలెడు ప్రశ్నలు అడిగావు. వాటికీ జవాబులు రాస్తాను గానీ, ముందు మిగిలిన ఆ 17 ఫ్రేముల సంగతి తేల్చేద్దాం.

ఫిల్మ్ కెమెరా సరదా చాలామందికి సరిగ్గా నీలాగే సగం రీలు దగ్గర ఆగిపోతుంది. రీలు ఖరీదు, కడిగించడం ఖరీదు, ఉన్నవా 36 ఫ్రేములు. దాంతో ప్రతి క్లిక్కూ అద్భుతంగా రావాలన్న టెన్షన్ పట్టుకుంటుంది. కెమెరా బీరువా ఎక్కుతుంది. ఎవరి పెళ్లికో కిందికి దించితే లోపల ఏ ఫిల్మ్ ఉందో కూడా గుర్తుండదు. పైగా వెలుతురు తగిలిన ఫిల్మ్ మీద బొమ్మ కంటికి కనపడకుండా దాగి ఉంటుంది. కడిగేదాకా అది కొద్దికొద్దిగా బలహీనపడుతూనే ఉంటుంది, వేడీ తేమా తోడైతే ఇంకాస్త త్వరగా. కొన్ని నెలలకే పాడైపోదులే, భయపడకు. అసలు నష్టం వేరే ఉంది. ఎప్పుడో తీసిన ఫొటో ఇప్పుడు చూస్తే, ఆ రోజు ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) ఎంత పెట్టావో, ఎందుకు పెట్టావో ఏమీ గుర్తురాదు. ఇక దాన్నుంచి నేర్చుకునేదేముంటుంది?

గ్యారీ వినోగ్రాండ్ అని అమెరికాలో ఒక వీధి ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. 1984లో చనిపోయేనాటికి కడగని రీళ్లు దాదాపు 2,500 మిగిల్చాడు. తీసినప్పటి ఊపు చల్లారాక చూస్తేనే బొమ్మ మంచిచెడ్డలు తెలుస్తాయని కావాలనే ఆలస్యం చేసేవాడు. ఈ కథ చెప్పి ఎవరైనా నిన్ను రీళ్లు దాచుకోమంటే నవ్వి ఊరుకో. ఆయన అప్పటికి లక్షల ఫ్రేములు కొట్టి చెయ్యి తిరిగిన మనిషి. మనకు కావలసింది ఈ నెల తీసింది ఈ నెలే చూసుకోవడం.

కాబట్టి ఈ వారంలో ఆ 17 ఫ్రేములూ అయిపోవాలి. ఏం తియ్యాలి అని అడగకు. రోజూ నువ్వు చూసేవే. పొద్దున కిటికీలోంచి గోడ మీద పడే ఎండ, సాయంత్రం అదే గోడ. అద్దం ముందు హడావిడిగా జడ వేసుకునే మీ చెల్లి. కవరు కప్పిన స్కూటరు. మేడమెట్ల మీద ఫోను చూసుకుంటూ కూర్చున్నవాళ్లు. వస్తువైతే ఒక్క ఫ్రేము చాలు, మొహమైతే రెండు కొట్టు, ఎందుకంటే మనం నొక్కిన క్షణంలోనే కళ్లు మూసుకునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వీధిలో తెలియనివాళ్లను దగ్గరగా తీసేటప్పుడు మాత్రం ఒక మాట అడిగి తియ్యి.

రోజూ వెంట తీసుకెళ్లాలంటే కెమెరా ముందే సిద్ధంగా ఉండాలి. నీ కెమెరా లోపల ఉన్నది ఐఎస్‌ఓ 400 ఫిల్మ్ అన్నావు. ఐఎస్‌ఓ అంటే ఫిల్మ్ వెలుతురుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె. మంచి ఎండలో ఎపర్చర్ ఎఫ్16, షట్టర్ 500, అంటే సెకనులో ఐదువందలో వంతు. ఇది పాత సూత్రమే: ఎండలో ఎఫ్16 పెట్టుకుని, ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా ఉన్న షట్టర్ స్పీడు ఎంచుకోవాలి. మబ్బు పడితే అదే స్పీడుకు ఎఫ్8, చెట్టు నీడలోకో అరుగు మీదికో వస్తే ఎఫ్4. ఇల్లు దాటేముందు బయట వెలుతురు ఒకసారి చూసి ఈ రెండూ తిప్పి పెట్టుకో. ఇక ఫోకస్. నీ 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్11 దగ్గర ఉంచి దూరం 4 మీటర్లకు పెట్టావనుకో, సుమారు రెండున్నర మీటర్ల నుంచి ఎనిమిది మీటర్ల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. లెన్స్ మీద దూరాల పక్కన ఎఫ్ అంకెలు జంటలుగా చెక్కి ఉంటాయి చూడు, అవి ఉన్నది ఈ లెక్క చెప్పడానికే. వీధిలో ఏదైనా కనబడగానే కెమెరా ఎత్తి నొక్కడమే.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌ని నమ్ము, కానీ గుడ్డిగా కాదు. అది కనిపించేదంతా కలిపి సగటు చూస్తుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నవాళ్లను తీస్తే కిటికీ వెలుతురుకు మోసపోయి మొహం నల్లగా చేసేస్తుంది. అలాంటప్పుడు దగ్గరికెళ్లి మొహం మీదే మీటర్ చూసుకుని, సెట్టింగ్ అలాగే ఉంచి వెనక్కి వచ్చి తియ్యి. అనుమానం వస్తే ఒక స్టాప్ ఎక్కువ వెలుతురే ఇవ్వు, అంటే రెట్టింపు. నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఉన్నది అసలు ఎక్కనే ఎక్కదు. స్లైడ్ ఫిల్మ్ దీనికి పూర్తిగా తిరగబడిన రకం, ఇప్పట్లో దాని జోలికి పోకు.

కే1000 గురించి ఒక చిన్న విషయం. దీని మీటర్‌కి స్విచ్ లేదు. లెన్స్‌కి మూత లేకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఇంటికి రాగానే మూత పెట్టడం అలవాటు చేసుకో. బ్యాటరీ అయిపోయినా కంగారు పడక్కర్లేదు, షట్టర్ పూర్తిగా మెకానికల్, మీటర్ ఒక్కటే పనిచెయ్యదు. అప్పుడు పైన చెప్పిన ఎండ లెక్క ఉండనే ఉంది.

కొత్త రీలు వేసేటప్పుడు, వెనక తలుపు మూశాక రీవైండ్ పిడిని బాణం వైపు మెల్లగా తిప్పి, లోపలి వదులు తీసెయ్యి. బిగుసుకోగానే ఆపెయ్యి. తర్వాత లివర్ లాగిన ప్రతిసారీ ఆ పిడి దానంతట అది తిరగాలి. తిరగట్లేదంటే ఫిల్మ్ అవతలి చక్రానికి పట్టలేదన్నమాట. అది చూసుకోకపోతే 36 ఫ్రేములూ తీశాననుకుంటావు, రీలు మాత్రం డబ్బాలోంచి కదిలి ఉండదు.

ఇక కడగడం. కలర్ రీళ్లు ల్యాబ్‌కే ఇచ్చెయ్యి. కలర్ ఫిల్మ్ కడిగే సి-41 పద్ధతిలో డెవలపర్ (బొమ్మను బయటికి తెచ్చే రసాయనం) దాదాపు 38 డిగ్రీల దగ్గర, పావు డిగ్రీ అటూఇటూ కదలకుండా ఉండాలి. మొదట్లోనే ఆ తిప్పలు ఎందుకు? ఇచ్చేటప్పుడు నెగెటివ్‌లు తిరిగి కావాలని గట్టిగా చెప్పు. స్కాన్లు పంపించి నెగెటివ్‌లు పారేసే ల్యాబులూ ఉన్నాయి. స్కాన్ ఎప్పుడైనా మళ్లీ చేయించుకోవచ్చు, నెగెటివ్ పోతే పోయినట్టే.

బ్లాక్ అండ్ వైట్ మాత్రం నువ్వే కడుక్కో. రీళ్లు కెమెరాలో పేరుకుపోకుండా ఉండటానికి నాకు తెలిసిన మంచి మందు ఇదే. శనివారం రాత్రి కడగాలనుకుంటే శుక్రవారానికల్లా రీలు పూర్తి చేస్తావు. దీనికి డార్క్‌రూమ్ అక్కర్లేదు. ఫిల్మ్‌ని స్పైరల్‌కి (ఫిల్మ్ చుట్టుకునే గాడుల చక్రం) ఎక్కించి, దాన్ని కడిగే ట్యాంకులో పెట్టి మూత బిగించేదాకే చిమ్మచీకటి కావాలి, ఆ తర్వాత లైటు వేసుకోవచ్చు. కష్టమంతా ఆ స్పైరల్ దగ్గరే. పాడైన రీలు ఒకటి తీసుకుని ముందు వెలుగులో ఎక్కించు, తర్వాత కళ్లు మూసుకుని, తర్వాత చీకట్లో. ఫిల్మ్ మొదటి అంచుకున్న రెండు మూలలూ కత్తెరతో కొద్దిగా గుండ్రంగా కత్తిరిస్తే గాడిలో తట్టుకోకుండా జారుతుంది. స్పైరల్ పొడిగా ఉండాలి, తడి కాస్త ఉన్నా ఫిల్మ్ అంటుకుపోయి మధ్యలో మొరాయిస్తుంది. మొరాయిస్తే బలవంతం చెయ్యకు. వెనక్కి లాగి, మళ్లీ మొదలుపెట్టు. చేతికి చెమట పట్టినట్టనిపిస్తే ఫిల్మ్‌నీ స్పైరల్‌నీ ట్యాంకులోనే పెట్టి మూత బిగించి, బయటికొచ్చి చేతులు తుడుచుకుని మళ్లీ వెళ్లు.

డెవలపర్‌గా డి-76 తీసుకో. 1927 నుంచీ ఉన్న ఫార్ములా, దాని గురించి ఏ సందేహమొచ్చినా జవాబు దొరుకుతుంది. వేడి 20 డిగ్రీలు. ఎన్ని నిమిషాలన్నది నీ ఫిల్మ్‌కి కంపెనీ ఇచ్చిన పట్టికలో చూసుకో. ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లు ట్యాంకుని నాలుగుసార్లు తలకిందులు చేసి, గాలి బుడగలు పోయేలా ఒకసారి అడుగు తట్టు. ఈ ఊపడం ప్రతి రీలుకీ ఒకేలా ఉండాలి, లేకపోతే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు. ఆ తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను నిలిపే ఫిక్సర్.

ఫిక్సర్ ఇంకా పనిచేస్తుందో లేదో తెలుసుకునే ఉపాయం చెబుతా. రీలు మొదట్లో కత్తిరించిన ముక్క ఉంటుంది కదా, దాన్ని ఫిక్సర్‌లో పడేసి వాచీ చూడు. పాలలా ఉన్న పొర కరుగుతూ కరుగుతూ ఫిల్మ్ పారదర్శకంగా మారుతుంది. ఎంతసేపు పట్టిందో దానికి రెట్టింపు సేపు నీ రీలుని ఫిక్సర్‌లో ఉంచు. కొత్తగా కలిపిన రోజున పట్టిన టైము సీసా మీద రాసి పెట్టుకో, అది రెట్టింపయిన రోజున ఆ ఫిక్సర్ పని అయిపోయినట్టే.

నీళ్లతో కడగడానికి కుళాయి అరగంట వదిలెయ్యనక్కర్లేదు. ఇల్‌ఫర్డ్ వాళ్లు చెప్పిన పద్ధతి ఉంది: ట్యాంకు నిండా అదే 20 డిగ్రీల నీళ్లు పోసి 5 సార్లు తిప్పి పారబొయ్యి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు. చివర్లో వెట్టింగ్ ఏజెంట్ (నీటి మరకలు పడకుండా చేసే ద్రవం) చుక్క కలిపిన నీళ్లలో ముంచి, స్నానాల గదిలో వేలాడదియ్యి. అక్కడ దుమ్ము తక్కువ. ఆరేదాకా ఆ తలుపు ఎవరూ తియ్యకుండా చూసుకోవడం నీ తంటా.

ఆరిన నెగెటివ్‌లను ఆరు ఫ్రేముల చొప్పున కత్తిరించి కవర్లలో పెట్టు, తేదీ రాయి. ఒక చిన్న నోటుబుక్కులో ఫ్రేము నంబరు, ఎపర్చర్, షట్టర్, ఎందుకు తీశావో ఒక్క ముక్క. ప్రతిదానికీ రాయలేకపోతే అనుమానంగా తీసినవాటికైనా రాయి. నెగెటివ్ పక్కన పెట్టుకుని ఆ రాత చదివితే ఏ క్లాసులోనూ చెప్పనిది తెలుస్తుంది. బాగున్న రెండు మూడు ప్రింట్లు వేయించి, అందులో ఉన్నవాళ్లకే ఇచ్చెయ్యి. మళ్లీ కెమెరా ఎత్తితే వాళ్లే సర్దుకుని కూర్చుంటారు.

నీ ఫ్రెండ్ అమ్ముతానన్న రెండో కెమెరా సంగతికొస్తే, ఇప్పుడు వద్దు. ఒక పది రీళ్లయినా దీంట్లో తిరగనీ. ఈ సరదాలో కెమెరాలు పోగేసే జబ్బు తొందరగా అంటుకుంటుంది, షెల్ఫు నిండుతుంది, రీలు మాత్రం కదలదు. అయినా మనసాగక చూడ్డానికి వెళ్తే, వెనక తలుపు తీసి అంచుల్లో నల్ల ఫోమ్ జిగురుగా అయిందేమో చూడు, అదైతే మార్పించుకోవచ్చు. లెన్స్‌లోకి టార్చి వేసి చూడు, సాలెగూడులాంటి పోగులు కనబడితే ఫంగస్, వదిలెయ్యి. మెర్క్యురీ బ్యాటరీతో నడిచే మోడల్ అయితే ఆ 1.35 వోల్టుల బ్యాటరీలు ఇప్పుడు రావు, 1.5 వోల్టులవి వేస్తే మీటర్ తప్పు చూపించవచ్చు.

వచ్చే నెల విమానంలో వెళ్తున్నానన్నావు. ఫిల్మ్‌ని చెకిన్ లగేజీలో అస్సలు పెట్టకు, అక్కడి ఎక్స్-రే బలంగా ఉంటుంది. చేతిబ్యాగులోనే, లోపల కనబడే కవరులో పెట్టుకుని, చేత్తో చెక్ చెయ్యమని మర్యాదగా అడుగు. ఇప్పుడు వస్తున్న కొత్త సీటీ స్కానర్లు తక్కువ ఐఎస్‌ఓ ఫిల్మ్‌నీ పాడుచేయవచ్చు. కెమెరాలో రీలు ఉంటే అదీ ప్రమాదమే, కాబట్టి బయల్దేరేలోపు ఇప్పుడున్న రీలు కడిగేసి ఉండాలి.

కడిగాక కాంటాక్ట్ షీటు, అంటే రీలులోని ఫ్రేములన్నీ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద వేసిన ప్రింటు, పంపు. బాగున్నవి ఏరి పంపకు, 36 ఫ్రేములూ కావాలి. నోటుబుక్కు పేజీ కూడా ఫొటో తీసి పంపు.

ఆశీస్సులతో,
మామయ్య