మైళ్లతో కొన్న టికెట్ ఊరికే వచ్చింది కాదు

ప్రశ్న: మాది హన్మకొండ. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. తన ఖాతాలో చేరిన ఎయిర్‌లైన్ మైళ్లతో (రివార్డు పాయింట్లతో) నాకు, మా ఆవిడకు, మా వియ్యపురాలికి శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా డల్లాస్‌కు ఒకే టికెట్ మీద బిజినెస్ క్లాస్ బుక్ చేసింది. మైళ్లు ఒక ఎయిర్‌లైన్‌వి, విమానాలు దాని భాగస్వామివి. పన్నులు, సర్‌చార్జీలు నా కార్డు మీద కట్టాం. గల్ఫ్‌లో దిగాక, విమానం మార్చామని చెప్పి మిగతా పదహారు గంటలు ముగ్గురినీ ఎకానమీలో కూర్చోబెట్టారు. మా ఆవిడకు మోకాళ్ల ఆపరేషన్ అయింది. మైళ్ల వాళ్లను అడిగితే విమానం వాళ్లను అడగమంటారు, విమానం వాళ్లు మైళ్లు మావి కావంటారు. ఫ్రీ టికెట్‌కు కేసు నిలవదని మా ఊరి ట్రావెల్ ఏజెంట్ అంటున్నాడు. తిరుగు ప్రయాణానికి తక్కువపడిన మైళ్లు వేరేవాళ్ల ఖాతా నుంచి ఇప్పిస్తానని కూడా చెబుతున్నాడు. మేమింకా డల్లాస్‌లోనే ఉన్నాం, బతుకమ్మకల్లా ఇంటికి చేరాలి. ఏం చేయమంటారు?

జవాబు: ఏజెంట్ చెప్పిన రెండు మాటలూ పక్కన పెట్టండి. కేసు నిలవదన్నది తప్పు, మైళ్లు ఇప్పిస్తానన్నది ప్రమాదం.

ఆ మైళ్లు మీ అమ్మాయికి ఎవరూ దానంగా ఇవ్వలేదు. డబ్బు పెట్టి టికెట్లు కొంటేనో, కార్డు మీద ఖర్చు చేస్తేనో వచ్చాయి. ఆపైన పన్నులు, సర్‌చార్జీలు మీరు డబ్బుగా కట్టారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం ప్రతిఫలం చెల్లించిన వ్యక్తే కాదు, ఆ వ్యక్తి సమ్మతితో సేవ పొందినవారు కూడా వినియోగదారులే. కాబట్టి మీ ముగ్గురూ ఫిర్యాదుదారులు కావచ్చు. అమ్మాయి ఖాతా స్టేట్‌మెంట్, ఆమె అఫిడవిట్ జతచేస్తే చాలు.

కేసు కోసం ఢిల్లీకో, ఎయిర్‌లైన్ సొంత దేశానికో పోనక్కర్లేదు. అదే చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. "వివాదాలన్నీ ఫలానా నగర కోర్టులోనే" అని షరతుల్లో రాసుకున్నా భయపడకండి. 2011లో ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ (ఇండిగో) మీద ఒక ప్రయాణికుడు వేసిన కేసులో, ఢిల్లీ కోర్టులకే అధికారం అన్న టికెట్ షరతు హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్‌ను అడ్డుకోదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రయాణికుడికి ఇచ్చిన పరిహారాన్ని మాత్రం కొట్టేసింది, అది వేరే కథ. ఇక ఫీజు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపుంటే ఏమీ లేదు. గడువు రెండేళ్లు. ఫిర్యాదు ఈ-జాగృతి పోర్టల్‌లో పెట్టవచ్చు, వకీలు ఉండి తీరాలనేం లేదు. (ఈ మాట నేను చెబితే మా బార్ అసోసియేషన్‌లో లాయర్లు నవ్వుకుంటారు.)

ఎవరి మీద వేయాలి? టికెట్ నంబర్‌లో మొదటి మూడు అంకెలు చూడండి. టికెట్ జారీ చేసిన ఎయిర్‌లైన్ ఏదో అవి చెబుతాయి. ఎయిర్ ఇండియాకు 098, యునైటెడ్‌కు 016, ఖతార్‌కు 157, ఎమిరేట్స్‌కు 176. మైళ్లు తిరిగి ఇవ్వగలిగేది జారీ చేసినవాళ్లు, సీటు లాక్కున్నది నడిపినవాళ్లు. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. "వాళ్లను అడగండి" అన్న ఆట అప్పుడే ఆగుతుంది.

అయితే కమిషన్ కంటే ముందు వెళ్లాల్సిన చోటు ఇంకొకటుంది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023 ఫిబ్రవరి 15 నుంచి, ఎయిర్‌లైన్ క్లాస్ తగ్గించి కూర్చోబెట్టిన ప్రయాణికులకు అంతర్జాతీయ ప్రయాణాల్లో దూరాన్ని బట్టి టికెట్ ధరలో 30, 50, 75 శాతం వాపసు ఇవ్వాలంటోంది. మీకు అన్యాయం శంషాబాద్–గల్ఫ్ మధ్య జరిగి ఉంటే దాన్ని పట్టుకునేవాళ్లం. (అప్పుడూ మైళ్ల టికెట్‌కు "ధర" ఏమిటన్న వాదన వచ్చేదే.) మీకు జరిగింది గల్ఫ్–డల్లాస్ మధ్య. అక్కడ అమెరికా రవాణా శాఖ నిబంధనలు మీకు ఎక్కువ పనికొస్తాయి. అమెరికాకు వచ్చే, పోయే విదేశీ విమానాలకూ అవి వర్తిస్తాయి. ఎయిర్‌లైనే క్లాస్ తగ్గిస్తే, ప్రయాణం చేసినా సరే, తేడా తిరిగి ఇవ్వాలి. 2024 రీఫండ్ నియమం వచ్చాక, దేనితో చెల్లిస్తే ఆ రూపంలోనే వాపసు అన్నది ఇంకా గట్టిపడింది. ఆ శాఖ వెబ్‌సైట్‌లో అమ్మాయి ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు. ఎయిర్‌లైన్ 30 రోజుల్లో అందిందని చెప్పాలి, 60 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు ఎలా ఉన్నా రేపు కమిషన్ ముందు మీకది సాక్ష్యమే.

అడిగేటప్పుడు కొంచెం నిగ్రహం కావాలి. బిజినెస్ టికెట్ మార్కెట్ రేటు చూసి లక్షలు రాసుకుపోతే, మీరు అంత చెల్లించారా అన్న మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. దాని బదులు బిజినెస్‌కు, ఎకానమీకి పట్టే మైళ్ల తేడా, బిజినెస్ పేరుతో ఎక్కువ కట్టిన సర్‌చార్జీ, మోకాళ్ల ఇబ్బందికి పరిహారం, ఖర్చులు, ఇవి అడగండి. ఆపరేషన్ కాగితాలు పెట్టండి. బోర్డింగ్ పాస్‌లు పారేయకండి, పాత సీటు నంబర్ కనిపించే ఈ-మెయిల్ బంగారం. స్క్రీన్‌షాట్‌లకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) జతచేయాలి, చాలామంది మరిచిపోయేది ఇదే.

ఇక తిరుగు ప్రయాణం. ఏజెంట్ మైళ్లు వద్దు. మైళ్లు బయటివాళ్లకు అమ్మడాన్ని, వాళ్ల దగ్గర కొనడాన్ని ఎయిర్‌లైన్‌ల నిబంధనలు నిషేధిస్తాయి. పట్టుకుంటే ఖాతా మూసేస్తారు, ఎయిర్‌పోర్టుకు వెళ్లాక కూడా టికెట్ రద్దు చేయగలరు. ఖాతా మూసినందుకు అమెరికాలో పోరాడటం ఎంత కష్టమో 2014 నాటి నార్త్‌వెస్ట్ వర్సెస్ గిన్స్‌బర్గ్ తీర్పు చదివితే తెలుస్తుంది. ఎయిర్‌లైన్ నిజాయితీగా వ్యవహరించలేదన్న ప్రయాణికుడి వాదనను అక్కడి సుప్రీంకోర్టు నిలబెట్టలేదు. పైగా ఆ మైళ్లు ఎవరిదో హ్యాక్ చేసిన ఖాతావైతే, పోలీసులకు ముందు దొరికేవి టికెట్ మీదున్న మీ పేర్లే.

తక్కువపడినవి ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనే కొనవచ్చు. ఇంట్లోవాళ్ల మైళ్లు కలుపుకొనే వీలు కొన్నిచోట్ల ఉంది. యునైటెడ్‌లో 2024 నుంచి ఐదుగురు వరకు కలపవచ్చు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైళ్ల పథకం క్రిస్‌ఫ్లయర్‌లో మాత్రం ముందుగా నమోదు చేసిన నామినీలకే టికెట్, ఐదుగురికి మించి కుదరదు. వియ్యపురాలి పేరు అందులో పడుతుందో లేదో చూసుకోండి. మూడు సీట్లు ఒకే రోజు దొరక్కపోతే ఒకరు మరుసటి రోజు రావడం మేలు. ముక్కలు ముక్కలుగా వేర్వేరు టికెట్లు కొంటే, ఒక విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే టికెట్‌లో పేరు ఎలా రాయాలో ఫోన్ చేసి అడగండి. భాగస్వామి విమానంలో మైళ్ల టికెట్‌కు పేరు సరిదిద్దించడం నరకం.

ఈలోగా "మా తరఫున కొన్ని వేల మైళ్లు" అంటూ ఎయిర్‌లైన్ నుంచి మెయిల్ రావచ్చు. పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నామని అందులో ఉంటే ఓకే నొక్కకండి. "మిగతా హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నాం" అని తిరిగి మెయిల్ రాసి, దానికి వాళ్లు ఒప్పుకున్నాకే తీసుకోమనండి అమ్మాయిని.