సమాధానం: దేవుడు ముందే నిర్ణయించాక ప్రార్థన ఎందుకు?

అడగకముందే మన అక్కర తండ్రికి తెలుసన్న మత్తయి 6:8 (బైబిలు) చదివి, మరి ప్రార్థన దేనికని మీరు ఆగిపోవడానికి కారణం ఒకటే. దేవుడు ఫలితాన్ని మాత్రమే నిర్ణయించాడని అనుకుంటున్నారు.

1. ఆ ఫలితం ఏ దారిన రావాలో కూడా ఆయన సంకల్పంలోనే ఉంది. 13వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ చెప్పింది ఇదే: ప్రార్థించేది దేవుని నిర్ణయాన్ని మార్చడానికి కాదు, ప్రార్థన ద్వారా ఇవ్వాలని ఆయన నిర్ణయించినదాన్ని పొందడానికి. పంట దేవుడిచ్చేదేనని విత్తడం మానేసే రైతు లేడు కదా.

2. చాలామంది దాటేసేది దానియేలు 9వ అధ్యాయం. యెరూషలేము పాడుగా ఉండేది 70 ఏళ్లని యిర్మీయా ప్రవచనంలో దానియేలు ప్రవక్త చదివాడు. గడువు ఖాయం. అయినా ఎలాగూ జరుగుతుందిలే అని కూర్చోలేదు (ఆ ధోరణి విధివాదం, క్రైస్తవ బోధ కాదు). గోనెపట్ట కట్టుకుని, బూడిదతో, ఉపవాసంతో "ఆలస్యం చేయవద్దు" అని బతిమాలాడు. వాగ్దానమే అతన్ని ప్రార్థనకు పురికొల్పింది. 2, 3 వచనాలను ఆపకుండా కలిపి చదవండి. మధ్యలో ఆగితేనే చిక్కు.

3. ఇక, అన్నీ నిర్ణయమైపోతే మన స్వేచ్ఛ ఏమైనట్టు అన్న సందేహం. దానియేలు మనసారా అడిగాడు, ఆ అడగడమూ సంకల్పంలో భాగమే.

చనిపోతావని దేవుడు చెప్పాక, ప్రార్థిస్తే హిజ్కియా రాజుకు 15 ఏళ్ల ఆయుష్షు కలిసిన యెషయా 38 ఇంకాస్త కఠినం. దాన్ని దానియేలు 9 తర్వాతే తెరవండి.