రాజీనామా పంపేముందు ఇది చదువు, నానీ

నానీ,

నువ్వు మీ అమ్మకి పంపిన ప్లాన్ అంతా తను నాకు పంపింది, "నువ్వే చెప్పవే, నా మాట వినడు" అంటూ. మొత్తం చదివాను. ఉద్యోగం మానేసి ఏడాదిలో నింటెండో అనే జపాన్ కంపెనీ రేసు గేమ్ ఎఫ్-జీరో మీద సొంతంగా గేమ్ చేస్తావు, కెప్టెన్ ఫాల్కన్ నుంచి ఫీనిక్స్ దాకా 41 మంది పైలట్లూ అందులో ఉంటారు, ఒక్కొక్కరికీ ఒక కథ ఉంటుంది. చదువుతున్నంతసేపూ ఒక పక్క భయం, ఒక పక్క గర్వం. ఫాల్కన్‌కి పోటీగా తిరిగే సమురాయ్ గోరో గురించి నువ్వు రాసిన పేజీ చూసి నిజంగా పొంగిపోయాను. ఇంత బాగా రాస్తావని నాకు తెలీదు. సెలవులకి మా ఇంటికొస్తే టీవీకి తగిలించి ఆడే ఆ గేమ్‌క్యూబ్ ముందు నుంచి లేచేవాడివి కాదు, అన్నం కలిపి ముద్దలు నోట్లో పెడితే తప్ప తినేవాడివి కాదు. అందుకే ఫోన్ చేయకుండా రాస్తున్నా. ఫోన్‌లో అయితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అని పెట్టేస్తావు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. గేమ్ తయారుచేయడానికి ఏ ఇంజిన్ సాఫ్ట్‌వేర్ వాడాలా అని నెలలు చర్చించకు, చేతికి అలవాటైంది వాడు. రోజూ పని కాపీ రెండు చోట్ల పెట్టు. ఫ్రెండ్స్ మ్యూజిక్ చేసిస్తామంటే ఎవరికి ఎంత అన్నది కాగితం మీద రాసుకో, ఎంత ప్రాణస్నేహితులైనా సరే. ఏడాది ఖర్చులు బ్యాంకులో లేకుండా రాజీనామా పంపకు.

ఇప్పుడు అసలు విషయం. ఆ 41 మందీ నీవాళ్ళు కాదు నానీ. నింటెండోవాళ్ళు. డబ్బులు తీసుకోను, ఫ్రీగా ఇస్తాను, అభిమానంతో చేస్తున్నాను అని రాశావు. అది వాళ్ళకి సంబంధం లేని విషయం. వాళ్ళదే మెట్రాయిడ్ అనే గేమ్ రెండో భాగాన్ని ఒకతను దాదాపు పదేళ్లు కష్టపడి కొత్తగా తయారుచేసి 2016 ఆగస్టులో ఫ్రీగానే పెట్టాడు, నింటెండో అడగడంతో కొద్ది రోజుల్లోనే తీసేయాల్సి వచ్చింది. తర్వాత ఓరీ అనే గేమ్ రెండో భాగం చేసిన స్టూడియో అతన్ని పిలిచి ఉద్యోగం ఇచ్చింది, అది సంతోషమే. కానీ అలా పిలిచేవాళ్ళు అందరికీ దొరకరు. దొరకని మనిషిని నేను దగ్గర్నుంచి చూశాను.

మా స్టూడియోలో నా పక్క సీట్లో కూర్చునేవాడు. పేరు రాయను, రాస్తే బాధపడతాడు. మాకు పగలంతా బయటి దేశాల కంపెనీల పని, ఎవరో గీసిన కార్లు, తుపాకులు, చెట్లు, గోడలు మేం త్రీడీలో చేసి పంపడం. దానితో కడుపు నిండేది గానీ మనసు నిండేది కాదు. అందుకని అతను రాత్రిళ్ళు ఇంట్లో ఒక పేరున్న గేమ్‌లోని మనుషుల్ని తీసుకుని తన సొంత గేమ్ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి చూపించేవాడు, అందరం తినడం ఆపేసి చూసేవాళ్ళం. ముఖ్యంగా బట్టలు. పరిగెత్తుతున్న మనిషి ఒక్కసారిగా ఆగితే అంగీ కొస ముందుకెళ్ళి వెనక్కి పడడం ఉంటుంది చూడు, మా ఆఫీసులో పెద్ద పెద్ద సీనియర్లకి సాధ్యం కానిది అతను ఒక్కడే కూర్చుని సాధించాడు. పెళ్లి సంబంధాలొస్తే "గేమ్ అయ్యాక చూద్దాం" అనేవాడు, వాళ్ళ నాన్న మా అందరి మీదా కోప్పడేవారు. అలా కొన్నేళ్లు. చివరికి ఒక వీడియో పెట్టాడు. ఆ రాత్రి వచ్చిన మెచ్చుకోళ్ళు చదువుకుంటూ తెల్లార్లూ మేలుకున్నాడట. వారం తిరగకుండా హక్కుదారుల లాయర్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వీడియో తీసేయాలి, గేమ్ ఎవరికీ ఇవ్వకూడదు, అందులోది ఏదీ ఎక్కడా చూపించకూడదు. అతను భయపడిపోయి ఆ రోజే అన్నీ తీసేశాడు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. మా స్టూడియోలో మనుషుల్ని తీసేసినప్పుడు అతని పేరు కూడా ఉంది. ఇంటర్వ్యూలకి వెళ్ళాడు. పోర్ట్‌ఫోలియో చూపించమంటే ఏం చూపిస్తాడు? పగలు చేసిన పని కంపెనీది, బయట పెట్టకూడదు. రాత్రి చేసిన పని ఇంకొకళ్ళ బొమ్మలది, అదీ బయట పెట్టకూడదు. ఒక చోట ధైర్యం చేసి ఒక ముక్క చూపిస్తే వాళ్ళు అడిగారట, "ఈ మొహం మీది కాదు, ఈ డ్రెస్ మీది కాదు, ఈ నిలబడే తీరు మీది కాదు, మరి ఇందులో మీది ఏది?" అని. ఆ అంగీ కొస గురించి వాళ్ళకి చెప్పడం అతనికి చేత కాలేదు, మొదట్నుంచీ మాటకారి కాదు. ఇప్పుడు ఊళ్ళో వాళ్ళ అన్నయ్య హార్డ్‌వేర్ షాపులో కూర్చుంటున్నాడు. గీయడం మానేశాడు, పూర్తిగా. ఉత్తరం రావడం కాదు నానీ నా భయం, ఉత్తరాలు అందరికీ రావు, నీకు రాకపోవచ్చు కూడా. నీలో ఉన్న మంచి పనంతా ఇంకొకళ్ళ మొహాల వెనక ఉండిపోతుందని భయం. గోరో పేజీ చదివాక ఆ భయం ఎక్కువైంది, ఎందుకంటే అందులో బాగున్న వాక్యాలన్నీ నీవే.

మరి ఆ 41 మందినీ ఏం చేసుకోవాలి అంటావా? నేర్చుకో. వాళ్ళు ఎలా పుట్టారో చూడు, నీ ప్లాన్‌కి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. 1990 నవంబర్‌లో జపాన్‌లో మొదటి ఎఫ్-జీరో వచ్చినప్పుడు ఉన్నది నలుగురే. ఫాల్కన్, గోరో, డాక్టర్ స్టీవర్ట్, పికో. ఆడుతున్నప్పుడు వాళ్ళలో ఒక్కరి మొహమూ కనపడదు. గేమ్‌తో పాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో మాత్రమే ఉంటారు. ఫాల్కన్‌ని గీసిన తకాయా ఇమామురా చెప్పినదాన్ని బట్టి అసలు అతన్ని ఈ రేసు కోసం కాదు, అది ఆడే కొత్త గేమ్ మెషీన్ సూపర్ ఫామికామ్‌కే ఒక మస్కట్ కావాలని గీశారు. అయినా అప్పట్లో ఆడినవాళ్ళకి ఆ నలుగురూ బాగా తెలుసు. ఎలా? బండి వల్ల. గోరో నడిపే ఫైర్ స్టింగ్‌రే అన్నిటికన్నా వేగం, గంటకు 478 కిలోమీటర్లు, కానీ కదలడానికి ఎంత సేపు పడుతుందో నీకు తెలుసు, ఒకసారి గోడకి కొట్టుకుంటే మళ్ళీ ఆ వేగం అందుకునేలోపు ముగ్గురు దాటిపోతారు. స్టీవర్ట్ నడిపే గోల్డెన్ ఫాక్స్ చటుక్కున లేస్తుంది, కానీ 438 దగ్గర ఆగిపోతుంది, రెండు దెబ్బలకే కుదేలవుతుంది. ఒక్క డైలాగ్ లేకుండానే గోరో మొండివాడని, ఓర్పు ఉన్నవాళ్ళకే లొంగుతాడని చేతికి తెలిసిపోతుంది. నువ్వు ప్రతివాడికీ రెండేసి పేజీల బాల్యం రాశావు, వాడి బండి మలుపులో ఎలా తిరుగుతుందో మాత్రం ఎక్కడా లేదు. అది చూసి నాకు కోపమొచ్చింది, నిజం చెప్తున్నా.

ఎనిమిదేళ్ల తర్వాత, 1998లో ఎఫ్-జీరో ఎక్స్‌తో ముప్పై మంది అయ్యారు. ఒకేసారి ముప్పై బండ్లు ట్రాక్ మీద, కదలిక తడబడకుండా సెకనుకి అరవై ఫ్రేములు, దానికోసం చుట్టూ ఉన్న లోకాన్ని బోసిగా వదిలేశారు. అంటే మనుషుల్ని పెంచుకోవడానికి కొండల్ని, మేడల్ని వదులుకున్నారు. ఏదో ఒకటి వదులుకోకుండా ముప్పై మంది రారు, నీ ప్లాన్‌లో వదులుకున్నది ఒక్కటీ లేదు. ఆ ముప్పై మందినీ ఒక్కొక్క వాక్యంలో చెప్పొచ్చు. ప్రమాదంలో ఒళ్ళు పోగొట్టుకుని సగం యంత్రమై మళ్ళీ ట్రాక్ మీదకొచ్చిన మైటీ గజెల్. ఫాల్కన్ డీఎన్ఏతోనే తయారై ఫాల్కన్‌ని ఓడించాలని తిరిగే బ్లడ్ ఫాల్కన్. ఒకే బండిలో ఇద్దరు కూర్చునే గోమార్, షియో. ముసలాయన సిల్వర్ నీల్సన్, ఆ వయసులోనూ రేసు మానడు, నాకు అందరిలోకీ ఆయనంటేనే ఇష్టం. ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ మనిషి ఇంకా నీ దగ్గరికి రాలేదన్నమాట, వదిలేయ్, తర్వాత వస్తాడు.

అందులో ఇంకొకటి కూడా చూడు. ఎక్స్‌లో ట్రాక్ మీద మొదటి చుట్టు (ల్యాప్) అయ్యాక ఒక్కసారిగా వేగం పెంచే బూస్ట్ కొట్టొచ్చు, కానీ ఆ బూస్ట్ నీ బండి ప్రాణంలోంచే ఖర్చవుతుంది. ముందుకెళ్ళాలంటే ప్రాణం తగ్గించుకోవాలి, ఎక్కువ తగ్గించుకుంటే ఒక్క గుద్దుడుకి పేలిపోతావు. ఈ ఒక్క నియమంతో ఆ లోకంలో అందరూ ఎందుకంత తెగించినవాళ్ళో అర్థమైపోతుంది. కథ రాసేముందు నీ లోకానికి ఇలాంటి నియమం ఒకటి కనుక్కో.

2003లో వచ్చిన ఎఫ్-జీరో జీఎక్స్ సెగా కంపెనీ వాళ్ళు నింటెండోతో కలిసి చేసింది, నగోషీ తోషిహిరో నడిపించాడు. నువ్వు అన్నం మర్చిపోయింది దాని ముందే. 41 మంది అప్పటికి అయ్యారు, అంటే మొదలుపెట్టిన పదమూడేళ్లకి, రెండు పెద్ద కంపెనీలు కలిస్తే. ప్రతివాడికీ ఒక పాట, గెలిస్తే ఒక ఇంటర్వ్యూ. అందులో కథ భాగంలో గోరో రెడ్ కాన్యన్‌లో ఫాల్కన్‌ని సవాలు చేస్తాడు కదా, పైనుంచి రాళ్ళు పడుతుంటాయి, నువ్వు ఓడిపోయి ఓడిపోయి కంట్రోలర్ విసిరేశావు, నేను తిట్టాను, ఏడ్చావు. గోరో ఎలాంటివాడో నీకు నేర్పింది ఆ రేసే, వాడి చరిత్ర కాదు. ఆ తర్వాత వచ్చే మైకేల్ చెయిన్ ముఠా కూడా అంతే, ట్రాక్ మీద గుంపుగా మీద పడినప్పుడే వాళ్ళు ఎవరో తెలుస్తుంది.

ఇంకో మాట. ఎఫ్-జీరో ఒక్కసారి కూడా ఆడనివాళ్ళకి సైతం ఫాల్కన్ తెలుసు, 1999లో నింటెండో పాత్రలన్నీ కొట్టుకునే గేమ్ స్మాష్ బ్రదర్స్‌లో కొట్టిన ఆ పంచ్ వల్ల. ఆ పంచ్ రేసు గేమ్‌లో లేదు. బండి దిగని మనిషిని స్మాష్ చేసిన సకురాయ్ వాళ్ళు తీసుకుని, చేతులు కాళ్ళు ఎలా ఆడిస్తాడో కొత్తగా ఊహించారు. నువ్వు ఫాల్కన్‌ని ప్రేమించినంత మాత్రాన ఫాల్కనే గీయాలని లేదు. వాళ్ళలాగే నీ దగ్గర లేనిదాన్ని ఊహించు.

కాబట్టి నేను చెప్పేది ఇది. నలుగురిని చెయ్. నీ నలుగురిని, నీ పేర్లతో, నీ మొహాలతో. బండ్లు ముందు, మనుషులు తర్వాత. నాలుగు బండ్లనీ ఒకే బూడిద రంగు పెట్టెల్లా చేసి ఒకే ట్రాక్ మీద నడిపించు, రంగులు, హెల్మెట్లు ఏమీ వద్దు. కళ్ళు మూసి కంట్రోలర్ ఇచ్చినా ఇది ఫలానావాడి బండి అని చెప్పగలిగేదాకా మొహాలు గీయకు. నీకు గీయడమే ఇష్టమని తెలుసు, అందుకే ముందు అది ఆపమంటున్నా. ఆ తర్వాత గీసే మొహం ఎలా ఉండాలో బండే చెప్తుంది. నువ్వు గోరో గురించి రాసిన పేజీ పారేయకు, పేరు మార్చి చూడు. ముఠా నాయకుడు, కొడుకు ఉన్నవాడు, ఎప్పుడూ రెండో స్థానంలో వచ్చేవాడు అని రాశావు కదా, ఆ రెండో స్థానం గురించి నువ్వు రాసిన తీరు నీదే. దాని చుట్టూ కొత్త మనిషిని కట్టు. వాడి బండి చివరి ల్యాప్‌లో మాత్రమే బాగా తిరిగితే ఎలా ఉంటుందో ఆలోచించు.

ఉద్యోగం సంగతి. మానొద్దని అనను, మీ అమ్మ ఆ మాట నా చేత చెప్పించాలని చూసింది, కానీ చెప్పను. రెండు బండ్లు, ఒక ట్రాక్ సాయంత్రాల్లో పూర్తిచెయ్, అవి నడిచాక మానెయ్. మీ నాన్నకి నేను చెప్తాను, ఆయన నా మాట వింటారు. అక్కకి బీపీ ఉంది, ఈ విషయం రాత్రిపూట ఫోన్‌లో మాట్లాడకు, ఆదివారం పొద్దున వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పు, చెప్పేటప్పుడు ఆ బండ్లు నడిపించి చూపించు. అర్థం కాకపోయినా నీ మొహం చూస్తుంది.

రాత్రి రెండింటికి పంపావు ఆ ప్లాన్, టైమ్ కనపడుతుంది నాకు. నా కుడి మణికట్టు చలికాలంలో ఇప్పటికీ లాగుతుంది, పెన్ పట్టుకోలేని రోజులున్నాయి. నీకు ఆ గతి రాకూడదు. గంటకోసారి లే, నీళ్ళు తాగు, చెయ్యి తిప్పు. హోటల్ బిర్యానీ రోజూ తినకు. గోంగూర పచ్చడి, కందిపొడి కొరియర్‌లో వేశాను, శుక్రవారానికి వస్తాయి, మీ వాచ్‌మెన్‌కి చెప్పి ఉంచు.

మొదటి రెండు బండ్లు నడవగానే నాకు పంపు. బాగుందని చెప్పడానికి కాదు, ఆడి ఎక్కడ బాగాలేదో రాయడానికి. ఎవరిది ఏ బండో ముందే చెప్పకు, నేనే కనుక్కుంటాను.

మీ పిన్ని